తాత చూసిన గోడ

మొన్న మా మనవరాలి బడిలో తల్లిదండ్రులకు క్లాసు పెట్టారు. చదువుకోవలసింది పిల్లలు, క్లాసు మాత్రం తల్లిదండ్రులకు. మా అబ్బాయికి ఆఫీసు, కోడలికి ఇంకో ఆఫీసు, కాబట్టి వికారాబాద్ మొత్తంలో ఏ పనీ లేని మనిషిగా పేరు తెచ్చుకున్న నన్ను పంపించారు. హైదరాబాద్ నుంచి ఒక చిన్న పిల్ల వచ్చి మాకు పిల్లల్ని ఎట్లా పెంచాలో చెప్పింది. ఆ పిల్లకు ఇంకా పెళ్లి కాలేదని తర్వాత టీ తాగేటప్పుడు తెలిసింది. పిల్లల్ని దగ్గరికి తీసుకోవాలట, వాళ్ల కళ్లలోకి చూస్తూ మాట్లాడాలట, ప్రేమ ఉంటే సరిపోదట, ఉన్నట్టు పైకి చెప్పాలట, లేకపోతే మనసులో ఒక వెలితి మిగిలిపోయి పెద్దయ్యాక బయటపడుతుందట. చివరికి అందరినీ కళ్లు మూసుకోమంది. మీ నాన్న మిమ్మల్ని మొదటిసారి దగ్గరికి తీసుకున్న సందర్భం గుర్తు చేసుకోమంది. అందరం బుద్ధిగా మూసుకున్నాం. నా పక్కన కూర్చున్నాయన ఇదే సందని ఒక కునుకు తీశాడు. నా వంతు వచ్చినప్పుడు, "మా తాత గోడ దిక్కు తిరిగినప్పుడు" అన్నాను. ఆ పిల్ల నా వైపు జాలిగా చూసి, "పర్లేదు ఆంటీ, టైం తీసుకోండి" అంది. మతి తప్పిందనుకుంది పాపం. నేను చెప్పింది నిజమే, కాకపోతే దాన్ని చెప్పడానికి ఆ క్లాసు చాలదు. అందుకే టైం తీసుకుని ఇక్కడ రాస్తున్నాను.

నేను తాండూరులో పుట్టాను, రజాకార్ల గడబిడ సద్దుమణిగిన యేడు. మా తాతకు బండల వ్యాపారం. తాండూరు బండ అంటే తెలియనివాళ్లు ఎవరుంటారు, ఇవాళ సగం రాష్ట్రం దాని మీదే నడుస్తోంది. మా ఇంట్లో నేల బండ, గట్టు బండ, బట్టలుతికేది బండ, దొడ్డి చుట్టూ కంచెకు పాతింది కూడా నిలువు బండలే. ఎండాకాలం మధ్యాహ్నం నీళ్లు చల్లితే నేల నుంచి ఒక తడి వాసన లేచేది. దాంట్లో వంటింట్లో వేగే కందిపప్పు వాసన కలిసేది. ఇప్పటికీ ఎక్కడైనా ఆ రెండు వాసనలు కలిస్తే నేను అట్లాగే నిలబడిపోతాను. కోడలు అడిగితే మోకాళ్ల నొప్పి అని చెబుతాను. ఆ ఇంట్లో తాత ముందు గదిలో నులక మంచం మీద, వీధి వాకిలికి ఎదురుగా కూర్చునేవాడు. ఆయనకు వినపడకుండా ఇంట్లో ఏదీ ఉడికేది కాదు. ఆయన గట్టిగా మాట్లాడగా నేను ఎన్నడూ వినలేదు. గొంతు సవరించుకుంటే చాలు, దొడ్లో బర్రె కూడా నెమరు ఆపేదని మా అవ్వ, అంటే నాయనమ్మ, అంటుండేది.

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉండేది. మా ఇంట్లోనే కాదు, చాలా ఇళ్లల్లో ఉండేది. కన్నతండ్రి ముందర కొడుకు తన పిల్లల్ని ఎత్తుకోకూడదు, ముద్దు చేయకూడదు, పేరు పెట్టి పిలవకూడదు. అట్లా చేస్తే పెద్దవాళ్ల ముందు సిగ్గు విడిచినట్టు. తమ్ముడి పిల్లల్ని ఎత్తుకోవచ్చు, ఎదురింటి పిల్లల్ని ఎత్తుకోవచ్చు, మేకపిల్లను ఎత్తుకున్నా ఎవరూ ఏమీ అనరు. తన బిడ్డను మాత్రం ఎత్తుకోరాదు. కాబట్టి మా చిన్నాయన నన్ను భుజాన వేసుకుని బజారంతా తిప్పేవాడు, మా నాన్న చిన్నాయన కొడుకును తిప్పేవాడు. ఇద్దరి బిడ్డలూ ఎవరో ఒకరి భుజం మీద ఉండేవాళ్లు కాబట్టి లెక్క సరిపోయిందని ఇంట్లో పెద్దల నమ్మకం. మిఠాయి తెస్తే నాన్న దాన్ని అవ్వ చేతికి ఇచ్చేవాడు. అవ్వ పంచేది. తెచ్చినవాడి సొంత బిడ్డను కాబట్టి అందరికీ పెట్టాక చివరికి నాకు. ఒక్కోసారి పొట్లం కాగితమే మిగిలేది. దాన్ని కూడా నేను నాకి పెట్టేదాన్ని.

ఇంకో తమాషా ఏమిటంటే, నేను మా నాన్నను అన్న అని పిలిచేదాన్ని. చిన్నాయన అన్న అంటాడు, మేనత్తలు అన్న అంటారు, ఇంట్లో చెవిన పడేది అదే, నా నాలుక మీద కూడా అదే నిలబడింది. ఎవరూ దిద్దలేదు. దిద్దితే, వీడు నీకు తండ్రి అని తాత ఎదుట నాకు ఎవరో ఒకరు చెప్పాలి కదా, ఆ సిగ్గుమాలిన పని ఎవరు చేస్తారు! నాన్న నాతో నేరుగా మాట్లాడేవాడు కాదు. వాకిట్లో స్తంభంతో మాట్లాడేవాడు. "పోరి బడికి పోయిందా, ఎవరన్న సూసిన్రా?" అని స్తంభాన్ని అడిగేవాడు. ఆ స్తంభం పక్కనే నేను పలక పట్టుకుని నిలబడి ఉండేదాన్ని. "పోయొచ్చింది" అని అవ్వ లోపలి నుంచి స్తంభం తరఫున జవాబు చెప్పేది. మా అమ్మ సంగతి వేరే చెప్పనక్కర లేదు. పగటి పూట మామగారి ఎదుటికి వచ్చేదే కాదు, తలుపు చాటు నుంచి ఆమె గాజుల చప్పుడు మాత్రం వచ్చేది. ఆమెకు కోపమో సంతోషమో ఆ చప్పుడును బట్టి మేము తెలుసుకునేవాళ్లం.

అమ్మ పుట్టిల్లు వికారాబాద్. మా మేనమామకు అక్కడ రైల్వేలో నౌకరి. పండగకో పబ్బానికో అమ్మ ముందే వెళ్తే, తర్వాత నన్ను తీసుకువెళ్లి దింపడం నాన్న పని. ప్యాసింజరు బండి, చెక్క బల్లలు, కిటికీలోంచి బొగ్గు నుసి. తాండూరు స్టేషన్లో నాన్న నాకు రెండు మూరల దూరంలో కూర్చునేవాడు. ఎవరైనా చూస్తే ఈ పిల్ల ఈయనతో వచ్చిందని కూడా అనుకోరు. రుక్మాపూర్ వచ్చేదాకా అంతే. రుక్మాపూర్ దాటిందంటే ఆయన తల రుమాలు తీసి ఒళ్లో పెట్టుకునేవాడు, అటూ ఇటూ చూసేవాడు, తర్వాత రుమాలు తీసేసి అదే చోట నన్ను కూర్చోబెట్టుకునేవాడు. "ఏం బిడ్డా, ఆకలైతుందా?" అనేవాడు. ఆ గొంతు తాండూరులో నేనెన్నడూ విన్నది కాదు. పల్లీలు ఒలిచి నోట్లో పెట్టేవాడు. ఏ బండ ఏ గుంతలోనిదో, రాతిలో నీలం ఎక్కడ దొరుకుతుందో, పసుపు ఎక్కడ దొరుకుతుందో చెప్పేవాడు. నా జడ ఊడితే తనే అల్లేవాడు, తాడు పేనినట్టు గట్టిగా. అక్కడ మాత్రం నేను ఆయనను నాయినా అని పిలిచేదాన్ని. ఎవరు నేర్పారో గుర్తు లేదు. "ఓ" అని పలికేవాడు. ధారూరు దాటిన తర్వాత మళ్లీ రుమాలు తలకెక్కేది, నేను బల్ల మీదికి దిగేదాన్ని. వికారాబాద్ ప్లాట్‌ఫాం మీద మామ ఉంటాడు కదా మరి. అంటే మా నాన్న నాకు రుక్మాపూర్ నుంచి ధారూరు దాకా మాత్రమే నాన్న. ఆ బండి ఆలస్యంగా నడిస్తే నాకెంత సంతోషంగా ఉండేదో రైల్వే వాళ్లకు తెలియదు.

వికారాబాద్‌లో మామ ఇంటి పద్ధతి దీనికి పూర్తిగా వేరు. మామ తల్లిదండ్రులు లేరు, ఆయనను గొంతు సవరించి ఆపేవాళ్లు ఎవరూ లేరు. ఆయన కూతురు సుశీల నా ఈడుది. కాలు నేల మీద పెట్టనిచ్చేవాడు కాదు. ముద్దలు కలిపి నోట్లో పెట్టేవాడు, డ్యూటీకి పోతుంటే అది ఏడ్చేది, దాన్ని ఊరుకోబెట్టడానికి ఆయన ఆగేవాడు, రెండు సార్లు ఆయన మీద పైకి రిపోర్టు కూడా పోయిందట. నేను గుమ్మంలో నిలబడి సుశీల ముద్దలు మింగడం చూసేదాన్ని. అసూయ కాదు అని ఇప్పుడు రాయవచ్చు, కానీ అసూయే. "జూడు, గా పిల్లకు ఇంకా తినుడు రాదు, మా పోరి సొంతంగ తింటది" అని మా అమ్మ గొప్పగా చెప్పేది. ఆ గొప్ప నాకు ఏమీ గొప్పగా అనిపించలేదు.

ఒకసారి తిరుగు ప్రయాణంలో, నేను నాన్న ఒళ్లో ఉన్నప్పుడు, ధారూరులో తాండూరు మనిషొకాయన ఎక్కాడు. మా తాత దగ్గర కూర్చుని చిలుము తాగే పెద్దమనిషి. నాన్న నన్ను వేడి గిన్నె దింపినట్టు దింపాడు. అది చాలక, అయోమయంలో, "జర అటు జరుగమ్మా, పెద్దాయన కూసుంటడు" అన్నాడు. అమ్మా అన్నాడు, పరాయి పిల్లను అన్నట్టు. పెద్దాయన కూర్చున్నాడు. నేను కిటికీ వైపు తిరిగి తాండూరు వచ్చేదాకా ఏడ్చాను. బొగ్గు నుసి పడిందని చెప్పాను. ఆ రోజు నా మనసులో ఒకటే ప్రశ్న మొదలైంది. ఈ మనిషి నన్ను అందరి ముందు ఎత్తుకుంటాడా, ఎత్తుకోడా? రైల్లో ఎవరూ చూడనప్పుడు ఎత్తుకున్నది ఏం లెక్క? తాత ముందర ఎత్తుకుంటేనే నేను ఆయన బిడ్డను. అట్లా తీర్మానించుకున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్లకు, ఎవరి ఇంటికో పోవలసిన బండలు మా వాకిట్లో గోడకు ఆనించి పెట్టారు. వాటి దగ్గరికి పోవద్దని చెప్పారు, కాబట్టి పోయాను. ఎక్కబోతే ముందున్న బండ జారి నా పాదం మీద పడింది. ఆ నొప్పి ఇప్పుడు గుర్తు లేదు, నా అరుపు గుర్తుంది. "నాయినా!" అని అరిచాను. అన్నా అని కాదు. ఆ ఇంట్లో ఆ మాట అంతకు ముందు ఎవరూ వినలేదు. నాన్న పరుగెత్తి వచ్చాడు. ఇద్దరు మనుషులు పట్టే బండను ఒక్కడే ఎత్తి అవతల పడేశాడు. తర్వాత అట్లాగే నిలబడిపోయాడు. ఎదురుగా మంచం మీద తాత. చిన్నాయన ఉంటే ఎత్తుకునేవాడే, కానీ ఆయన ఆ రోజు బషీరాబాద్ పోయాడు. అవ్వ నడుము పట్టుకుని కూర్చుంది. తలుపు వెనక అమ్మ గాజులు గలగలమంటున్నాయి, ఆమె మాత్రం మామగారి ఎదుటికి రాలేదు. నేను నేల మీద నెత్తురులో కూర్చుని చేతులు చాచాను. బండను ఎత్తడానికి ఆ ఇంట్లో ఏ అడ్డూ లేదు, బిడ్డను ఎత్తడానికే అడ్డు. నాన్న చేతులు ముందుకు వచ్చాయి, ఆగాయి. తాత వైపు చూశాడు. అంత పెద్ద మనిషి, బండలు మోసిన మనిషి. ఆయన అంత భయపడటం నేను ఇంకెన్నడూ చూడలేదు.

తాత మంచం మీంచి లేచాడు. నాన్నను తిడతాడనుకున్నాను. ఆయన మా వైపు చూడలేదు. మెల్లగా వెనక్కి తిరిగి, మంచం వెనక గోడ ముందు నిలబడి, అరచెయ్యి గోడకు ఆనించాడు. "గీ గోడ సూడుండ్రి" అన్నాడు. "పెచ్చులూడుతున్నది. ఇంట్ల ఒక్కనికన్న ఫికరున్నదా?" మాకు వీపు పెట్టి గోడను చూస్తూ, నిమిరి చూస్తూ, అక్కడే నిలబడ్డాడు. నాన్నకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. అర్థమైన తర్వాత నన్ను ఎత్తుకున్న తీరు చెప్పలేను. ఆయన మెడ దగ్గర చెమట, రాతి దుమ్ము, తంబాకు వాసన. అట్లాగే వీధిలోకి పరుగెత్తాడు. బజార్లో అత్తరు దుకాణం సాబ్ బయటికి వచ్చి, "అరె, బచ్చీకు క్యా హువా?" అని అరిచాడు. "మా బిడ్డ, సాబ్. కాలు మీద బండ పడ్డది" అన్నాడు నాన్న, పరుగు ఆపకుండానే. మా బిడ్డ! కాలు నుజ్జయింది కానీ, నేను ఆ బజార్లో రాణిలాగా పోయాను. కట్టు కట్టించి, బండి ఎక్కించి, వికారాబాద్ దవాఖానాకు తీసుకుపోయాడు. బండి నిండా తాండూరు వాళ్లే. రుక్మాపూర్ వచ్చింది, పోయింది, ధారూరు వచ్చింది, పోయింది. నన్ను దించలేదు. ప్లాట్‌ఫాం మీద మామ చేతులు చాచినా ఇవ్వలేదు.

నేను కట్టుతో ఇంటికి తిరిగి వచ్చేసరికి ఆ గోడకు కొత్త సున్నం వేసి ఉంది. మాట అన్నాడు కాబట్టి పని చేయించాలి కదా. నిజానికి ఆ గోడకు ఏ జబ్బూ లేదని సున్నం వేసినాయన మా అవ్వతో చెప్పిపోయాడు. ఇంట్లో ఎవరూ ఆ రోజు సంగతి ఎత్తలేదు. నాన్న మళ్లీ స్తంభంతో మాట్లాడటం మొదలుపెట్టాడు, నేను మళ్లీ అన్న అనడం మొదలుపెట్టాను. కానీ అప్పటి నుంచి తాతకు గోడల మీద శ్రద్ధ పెరిగింది. నా తమ్ముడికి జ్వరం వచ్చి మూలుగుతుంటే గోడ చూసేవాడు. చిన్నాయన కొడుకు పరీక్ష తప్పి ఏడుస్తుంటే గోడ చూసేవాడు. ఆ యేడు మా ముందు గది గోడకు పడినన్ని సున్నాలు తాండూరులో ఏ గుడికీ పడి ఉండవు. ఆనవాయితీ చెడలేదు, పిల్లలు నేల మీద పడి ఏడవలేదు, సున్నం అమ్మేవాడు కూడా బాగుపడ్డాడు.

నాకు కొంచెం వయసు వచ్చాక, ఒకసారి బియ్యం ఏరుతూ అవ్వను అడిగాను, తాత గోడలో ఏం చూస్తాడు అని. అవ్వ చాటలోంచి తల ఎత్తలేదు. "ఏం కనవడ్తది బిడ్డా, కండ్ల నిండ నీళ్లుంటే" అంది. "మీ నాయినను ఆయన ఎన్నడెత్తుకోలె. మీ తాత వాళ్ల నాయిన ఉండె గద, మస్తు కట్టడి మనిషి. గాయిన మాత్రం ఎన్నడు గోడ దిక్కు తిరగలె." ఆ మాట అని రాయి ఒకటి ఏరి అవతల పడేసింది.

ఏ పెంపకం ఏ మనసును తయారు చేస్తుందో ఆ క్లాసు పిల్ల బోర్డు మీద బాణాలు గీసి చూపించింది. నా అనుభవంలో ఆ బాణాలు తిన్నగా పోవు. ముద్దలు తిని పెరిగిన సుశీల తన పిల్లల్ని గరిటె తిరగేసి కొట్టి పెంచింది, పిలిస్తే వాళ్లు నిలబడి జవాబిస్తారు. వెలితితో పెరిగిన నేను నా కొడుకును వదలకుండా హత్తుకుని పెంచాను, వాడు మీసాలు వచ్చాక, "అమ్మా, జర ఊపిరాడనియ్యి" అని వేడుకున్నాడు. ఇప్పుడు వాడు ఫోనులో కూతురికి రోజూ లవ్ యూ చెబుతాడు. అది బొమ్మల మీంచి తల ఎత్తకుండా ఓకే అంటుంది. వాడి ప్రేమ తక్కువని కాదు. అడగకముందే దొరికేదానికి ఎవరూ చేతులు చాచరు, అంతే. అట్లాగని ఆ పాత పద్ధతే మంచిదని నేను అనను. ఒక మనిషి కన్నబిడ్డను ముట్టుకోవడానికి రుక్మాపూర్ దాకా ప్రయాణం చేయవలసి రావడం మంచి పద్ధతి ఎట్లా అవుతుంది? ఆ అన్యాయం తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

తాత పోయాడు. ఇంక అడ్డు లేదు కదా, నాన్న మారతాడనుకున్నాను. మారలేదు. అప్పటికి నేను ఓణీలు వేసుకునే పిల్లను, ఎత్తుకునే వయసు దాటింది. పైగా ఆయన నాలుకకు స్తంభమే అలవాటు. నా పెళ్లి సంగతి కూడా ముందు దానికే చెప్పాడు. నేను అన్న అని పిలుస్తూనే అత్తగారింటికి పోయాను. మా ఆయనది పరిగి. మొదటి కాన్పుకు తాండూరు వచ్చి, కొడుకును కన్నాను. మూడో నెలలో మమ్మల్ని తీసుకుపోవడానికి మా ఆయన వచ్చాడు. అప్పటికి నాన్న ముందు గదిని మార్పించాడు, గోడలకు సున్నం తీసేసి, కింది నుంచి పై దాకా నున్నని బండలు తాపడం చేయించాడు. ఆ గదిలో తాత మంచం ఉన్న చోటే నాన్న మంచం. అమ్మ, తమ్ముడు, చిన్నాయన, అందరూ అక్కడే ఉన్నారు. ఉయ్యాలలో బాబు గుక్క పెట్టి ఏడవడం మొదలుపెట్టాడు. నా చేతులకు పిండి. మా ఆయన ఉయ్యాల పక్కనే కూర్చుని ఉన్నాడు. చెయ్యి చాచాడు, ఆపాడు, మా నాన్న వైపు చూశాడు. పరిగిలోనూ అదే ఆనవాయితీ, పిల్లనిచ్చిన మామ ముందరైనా అంతే.

నాన్న లేచాడు. వెనక్కి తిరిగి, గోడ ముందు నిలబడి, అరచెయ్యి ఆనించాడు. "గీ గోడ పెచ్చులూడుతున్నదే" అన్నాడు.

మా ఆయనకు ఏమీ అర్థం కాలేదు. "బండల గోడ గద మామా, పెచ్చులెట్ల ఊడుతయ్?" అన్నాడు. నేను కళ్లతో ఉరిమి ఉయ్యాల వైపు చూపించాను. అప్పుడు బాబును ఎత్తుకున్నాడు. వాడి ఏడుపు ఆగింది. నాన్న తిరగలేదు. నున్నటి బండ మీద అరచెయ్యి అట్లాగే ఉంచి, పెచ్చులు వెతుకుతూ నిలబడ్డాడు. నేను పిండి చేతులతోనే లేచి పోయి ఆయన పక్కన నిలబడ్డాను. ముఖంలోకి చూడలేదు. అవ్వ చెప్పింది గుర్తుంది. నేను కూడా గోడనే చూస్తూ, అందరికీ వినపడేట్టుగా, "నాయినా" అన్నాను.

కాసేపటికి, "ఓ" అని పలికాడు.